కౌన్సెలింగను మాటయు, బాలుర పరిశీలన గృహములును

మన తెలుగు దినపత్రికలలో నొక మాట విరివిగా వాడబడుచున్నది. "రౌడీషీటర్లకు కౌన్సెలింగు", "రోడ్డుపై మోటారుసైకిళ్ల పందెములాడిన కుర్రవాండ్రకు తల్లిదండ్రుల యెదుట కౌన్సెలింగు" అను శీర్షికలు చూడని చదువరి యుండడు. వార్తలోనికి పోయి చూడగా జరిగినదేమనగా, పిలువబడినవారిని ఠాణా ముంగిట వరుసగా నిలువబెట్టి, ఇక ముందిట్టి పని చేసినచో కఠినచర్య తప్పదని యొక యధికారి గద్దించుట. గద్దింపు కూడదని మేమనము. దానికిని సమయము సందర్భము గలవు. కాని గద్దింపునకు గద్దింపను పేరుండగా వేరొక పేరేల? ఈ మాటకే యింకొక యర్థము గూడ గలదు. ఇంజనీరింగు ప్రవేశపరీక్ష వ్రాసిన బిడ్డ గల యింట "కౌన్సెలింగు ఎప్పుడు?" అనినచో సీట్ల పంపకమని యర్థము. ఇట్లు మన గృహములలో సీటిచ్చుట యొకటి, చీవాట్లు పెట్టుట యొకటి, ఈ రెండే యర్థములు స్థిరపడినవి. ఒక మనుష్యుని చెంత కూర్చుండి, తొందర లేక, వాని కథ వాని నోటనే విని, వాని చిక్కును వాడే విప్పుకొనునట్లు తోడ్పడుట యను మూడవ యర్థము, అసలైన యర్థము, మనకింకను అలవడలేదు.

ఇది నిఘంటుకర్తల తగవుగా త్రోసివేయదగినది కాదు. 2016 జనవరి 15వ తేదీ నుండి అమలులోనున్న 2015వ సంవత్సరపు జువైనల్ జస్టిస్ చట్టమున నీ మాట పలుమార్లు వచ్చును. తప్పు చేసినట్లు తేలిన బాలుని విషయమున బోర్డువారు చేయదగిన యుత్తరువులలో కౌన్సెలింగొకటి. గృహములలో జరుపవలసిన సేవలలో బిడ్డ బిడ్డ యవసరమునకు తగిన మానసిక సహాయమొకటి. చదువు, చేతిపని, వైద్యము మున్నగువానితోపాటు దీనిని గూడ చట్టమే పేర్కొన్నది. చట్టము వ్రాసినవారి మనస్సులో మూడవ యర్థమున్నది. దానిని నడపువారి చెవికి రెండవ యర్థము వినబడుచున్నది. శాసనము గూడ నొక గద్యగ్రంథమే. గ్రంథమునకు వలెనే దానికిని చదువువారి వలననే బ్రదుకో చావో కలుగును. కావున నొక గ్రంథమును విమర్శించినట్లే దీనిలో నొక భాగమును విమర్శింపబూనితిమి.

ఈ విషయము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1911లో నుత్తరార్కాటు, కడప జిల్లాల తాలూకాలతో చిత్తూరు జిల్లా నేర్పరచిరి, నాడది చెన్నరాజధానిలోనిది. 1920లో చెన్నరాజధాని బాలల చట్టము పుట్టినది. మన దేశమున నిట్టి చట్టములలో నిదియే మొదటిది. వంగరాష్ట్రము 1922లోను, బొంబాయి 1924లోను దాని వెంట నడచినవి. అనగా పిల్లవానిని పెద్దల చెరసాలలో నుంచరాదను న్యాయము మన తాతల నాడే మన గడపకు వచ్చినది. తరువాత 1986లో దేశమంతటికి నొకే చట్టము, 2000లో పదునెనిమిదేండ్లలోపు వారందఱును బాలురేయను చట్టము, 2015లో నేటి చట్టము. నేడు తిరుపతిలో బాలుర పరిశీలన గృహమున్నది. జనులు దానిని జువైనల్ హోమనియే పిలుతురు. చట్టము "నేరస్థుడు" అను మాట మాని, "చట్టముతో సంఘర్షణపడిన బిడ్డ" అనినది. నింద తోచు పదములు వాడరాదని తన మూలసూత్రములలోనే చెప్పికొన్నది. మన పత్రికలు మాత్రము "బాల నేరస్థుడు" అనుట మానలేదు.

ఆదిపర్వమునందలి మాండవ్యోపాఖ్యానము మన యిండ్లలో నెఱుగనివారరుదు. మౌనవ్రతమున నున్న ముని యాశ్రమమున దొంగలు సొమ్ము దాచిరి. రాజభటులు వచ్చి యడిగిరి, ముని పలుకలేదు. పలుకనివాడు దోషియే యని తలచి దొంగలతోపాటు వానిని గూడ కొఱత వేసిరి. తరువాత ముని ధర్ముని సభకు పోయి, ఏ పాపమునకు నాకీ శిక్ష యని యడుగగా, చిన్ననాడు పురుగులను పుల్లతో గ్రుచ్చితివని ధర్ముడు చెప్పెను. ఇంత చిన్న తప్పునకింత శిక్షయా యని ముని కోపించి, ధర్ముని మనుష్యుడై పుట్టుమని శపించి, పదునాలుగేండ్ల వఱకు చేసిన పని పాపముగా లెక్కకు రాదని మర్యాద కట్టెను. ఆ ధర్ముడే విదురుడు. శూద్రయోనిని పుట్టుట యొక శిక్షగా నెంచిన యా కాలపు బుద్ధిని మేము సమర్థింపము. అది వేఱొక వ్యాసమునకు చాలిన విషయము. కాని న్యాయాధిపతికే న్యాయము చెప్పిన యీ కథ మనదగుట మనకు గర్వకారణము.

ఐనను ఈ కథను పలుమార్లు తరగతిలో చెప్పిన మీదట మాకొక లోపము తోచినది. ధర్ముడు తప్పును లెక్కించెను. ముని వయస్సును లెక్కించెను. ఆ పసివాడు పురుగులనేల గ్రుచ్చెనో యిరువురిలో నెవ్వరును అడుగలేదు. వానినింట నెవ్వరైన గ్రుచ్చుచుండిరా? ఆశ్రమమున వానితో నాడుకొనుట కెవ్వరును లేకుండిరా? నేటి మనోవిజ్ఞానము పుట్టినది ఈ యడుగని ప్రశ్నలోనుండియే.

2012 డిసెంబరున ఢిల్లీలో జరిగిన ఘోరమున నొక నిందితుడు పదునెనిమిదేండ్లకు లోబడినవాడగుటచే దేశమంతయు నుడికిపోయినది. 2013 జనవరిలో జస్టిస్ వర్మ సంఘము బాలుర వయఃపరిమితిని తగ్గింపవలదనియే చెప్పినది. సుప్రీముకోర్టును ఆ యేడే యట్టి ప్రార్థనను త్రోసిపుచ్చినది. అయినను 2015 చట్టమున పదునాఱేండ్లు నిండి, పదునెనిమిది నిండని బాలునిపై అతి ఘోరమగు నేరారోపణ వచ్చినచో, వానిని పెద్దవానివలె విచారింపవచ్చునా యని బోర్డువారు "ప్రాథమిక మదింపు" చేయవలయునని యేర్పడినది. ఆ నేరము చేయుటకు వానికి గల మానసిక శారీరక శక్తి, దాని ఫలితమును గ్రహించు శక్తి, అది జరిగినదనెడి పరిస్థితులు, ఇవి మదింపదగిన విషయములు. ఈ మదింపునకు మనోవిజ్ఞానుల తోడు తీసికొనవచ్చునని చట్టమనినది. బోర్డులో బాలమనోవిజ్ఞానమో మనోవైద్యమో చదివి వృత్తి చేయు సభ్యుడు లేనిచో, ఆ "వచ్చును" అను మాటను "వలయును" అనియే చదువవలెనని 2022 జూలైలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. వ్యాకరణము చెప్పి బ్రదుకువారము గనుక, ఒక విధ్యర్థకము వెనుక నొక బిడ్డ బ్రదుకున్నదని యీ తీర్పు చదివి మేము మిగుల సంతోషించితిమి.

ఒక పండితమిత్రుడు మాతో వాదించెను: "నారదస్మృతి యెనిమిదేండ్ల వఱకు శిశువును గర్భస్థునితో సమానునిగా చెప్పి, పదునాఱు వఱకు బాలుడనినది. పదునాఱు నిండనివానికి ప్రాయశ్చిత్తమున సగమే విధించిరి. చట్టమును ఆ పదునాఱు వద్దనే గీత గీసినది. ఇందు దోషమేమి?" దోషము గీతలో లేదు. స్మృతికారులు వయస్సు చూచి దయ చూపిరి. లోపలికి తొంగిచూచి యా దయను వెనుకకు తీసికొమ్మని చెప్పలేదు. ఇక్కడ దయ యుంచుటకో తీయుటకో మనోవిజ్ఞానిని గడపలో నిలిపిరి.

మా ఆక్షేపణ ముఖ్యముగా నిదియే. నేరమింకను రుజువు కాలేదు. బాలుడు నిర్దోషియనియే తలపవలయునని చట్టమునందలి మొదటి సూత్రము. అట్లుండగా "ఏ పరిస్థితులలో నీ పని చేసితివి?" అని యడుగుట యెట్లు? నేను చేయలేదనువాడేమి చెప్పును? మౌనముగా నున్నచో మాండవ్యుని కథ మరల మొదటికి వచ్చును. పైగా జరిగినదని చెప్పబడు దినమునకును మదింపు దినమునకును నడుమ వారములో నెలలో గడచియుండును. పదునాఱేండ్లవాని మనస్సు నిన్నటిది నేడుండదని బడిపంతులకందఱకును తెలియును. మార్చిలో చదివిన పద్యమును జూన్‌లో మఱచిన బాలుడు, ఆ నాటి తన యూహలను తూచి చెప్పగలడా?

మఱియు నొకే మనుష్యునికి రెండు పనులు పెట్టుట మఱింత చెఱుపు. నేడు మదింపు చేసి బోర్డుకు నివేదిక పంపిన మనోవిజ్ఞానియే రేపు చికిత్సకు వచ్చి, "నాయనా, నీ మనసులోనిది నాతో చెప్పు" అనినచో బాలుడేల చెప్పును? తాను చెప్పిన మాట తనను సెషన్సు కోర్టు దాక తీసికొనిపోవునని వానికి తోటివారు మొదటి రాత్రియే చెప్పియుందురు. నివేదికలు గోప్యములని చట్టమున నున్నమాట నిజమే. కాని తీర్పు చెప్పువారికవి గోప్యములు కావు గదా. కావున మదింపు చేయువారు వేఱు, మాన్పువారు వేఱు కావలయును. మాన్పువారి పుస్తకము బోర్డు బల్లమీదికి రారాదు. ఇది పెద్ద ధనవ్యయము కాదు. పని పంచుట మాత్రమే.

ఇట్లనగా, "హాని పొందిన యాడపిల్ల మాటేమి? ఆమెకెవరు కౌన్సెలింగు చేయుదురు?" అని మా యింటనే ప్రశ్న పుట్టినది. అది న్యాయమైన ప్రశ్న; దానిని దాటిపోవువారి మాట మేము వినము. హాని చేసినవాడు తాను చేసినది హానియని గ్రహించుట యామెకు కావలసిన వానిలో నొకటి. మూడేండ్లు గోడల నడుమ ఊరక కూర్చుండి వచ్చినవాడు దానిని గ్రహింపడు. తన్నులు తిని వచ్చినవాడు తానే హాని పొందితినని తలచును. ఓర్పుగల యొకరు వారము వారము వానితో గూర్చుండి, ఆ దినమును, ఆమెను, తన్ను మరల మరల వాని కన్నుల ముందు నిలిపిననే యది సాధ్యము. దీనిని మెత్తదనమనువారు ఒక్క గంట యట్లు కూర్చుండి చూతురుగాక.

పాశ్చాత్యదేశములలో నీ పని నూఱేండ్లకు పైబడినది. చికాగోలో 1899లో బాలుర న్యాయస్థానము పుట్టినది. 1909లో విలియం హీలీ యను వైద్యుడు అచ్చటనే దానికి తోడుగా నొక పరిశోధనాలయము స్థాపించి, ఒక్కొక్క బాలుని కథను విడివిడిగా వ్రాసి, 1915లో పెద్ద గ్రంథముగా ప్రకటించెను. తప్పునకొకే కారణముండదనుట యాతని సారము. అదే చికాగో నగరమున 1995 నుండి 1998 వఱకు నిర్బంధగృహమునకు వచ్చిన 1,829 మంది బాలబాలికలను లిండా టెప్లిన్ బృందము పరీక్షించి 2002లో ఫలితములు ప్రకటించినది. బాలురలో మూడింట రెండు వంతులకు దగ్గఱగా, బాలికలలో నాల్గింట మూడు వంతులకు దగ్గఱగా నేదో యొక మానసికరోగలక్షణము గలవారని తేలినది.

ఈ లెక్క చూచి తల యూపుటకు ముందు విమర్శకుడొక ప్రశ్న యడుగవలయును. ఆ రోగముల జాబితాలో "నడవడి రుగ్మత" యనునది యొకటి. దొంగతనము, కొట్లాట, ఇల్లు విడిచి పాఱిపోవుట దాని లక్షణములు. దొంగిలించినవానికి దొంగిలించు రోగమున్నదనుట పునరుక్తి. అలంకారశాస్త్రమున నిది దోషమే. టెప్లిన్ బృందమే దీని నూహించి, ఆ రుగ్మతను తీసివేసి మరల లెక్కించినది. అప్పుడును బాలురలో నూటికి అఱువదికి దగ్గఱగాను, బాలికలలో మూడింట రెండు వంతులకు పైగాను మిగిలిరి. దిగులు, భయము, మత్తు, చూచిన ఘోరము మఱవలేకుండుట, ఇవి నిజముగా నున్నవన్నమాట. ఐతే చికాగో లెక్కను తెచ్చి తిరుపతికి అంటగట్టరాదు. మన బిడ్డల సంగతి మన బిడ్డలనే యడిగి తెలిసికొనవలయును.

అడుగుటలోనే మా కసలు చిక్కు కనబడుచున్నది. పాశ్చాత్యులు గృహములోనికి వచ్చిన బిడ్డను మొదటి దినమే పరీక్షించుటకు చిన్న ప్రశ్నావళులు కట్టిరి. మసాచుసెట్సులో పుట్టిన యొకదానిలో ఏబది రెండు ప్రశ్నలు. ఔనో కాదో చెప్పిన చాలును, పది నిమిషముల పని. మంచి పనిముట్టే. కాని దానిని మాటకు మాటగా తెలుగు చేసి మన బాలుని ముందు పెట్టినచో నేమగును? "నీవు నిరాశానిస్పృహలకు లోనగుచున్నావా?" అని యడిగినచో పీలేరు బిడ్డ "లేదు సార్" అనును. "దిగులుగా ఉందా? అన్నం పోతా ఉందా? రేత్రిళ్లు నిద్ర పడతా ఉందా? గుండెకాయ బరువుగా ఎట్లో ఉందా?" అని యడిగినచో కన్నీరు పెట్టుకొనును. నగరి, సత్యవేడు, కుప్పము వైపు బిడ్డలకు సగము మాట అరవము. మదనపల్లె వీథులలో నుర్దూ. రోగము పేరు పుస్తకపు తెలుగులో నుండవచ్చును గాని, బాధ మాత్రము ఇంటి మాటలోనే యుండును. గ్రాంథికమున వ్యాసములు వ్రాయు మేమే యీ మాట చెప్పుచున్నాము గనుక చదువరులు నమ్మవచ్చును.

ఎంత చక్కగా నడిగినను, వారమునకొకమాఱు వచ్చి గంటసేపుండి పోవు సలహాదారు వలన నెంత మేలు? తక్కిన దినములు బాలునితో నుండువారెవరు? గృహపిత, కావలివాడు, వంటమనిషి. రాత్రి రెండు గంటలకు కేక వేసి లేచిన బాలుని వద్దకు పోవువాడు మనోవిజ్ఞాని కాడు, కావలివాడు. వాడు "మూసుకొని పండుకో" అనునో, కుండలోని నీళ్లు ముంచి యిచ్చి ప్రక్కన కూర్చుండునో, దానిమీద నా బాలుని చికిత్స యాధారపడియున్నది. కావున సలహాదారు చేయవలసిన మొదటి పని బాలునికి పాఠము చెప్పుట కాదు, కావలివానికి చెప్పుట. ఏ బిడ్డ కేకలు వేయునో, ఏ బిడ్డ అసలు మాటాడకుండుటే ప్రమాదమో, చేతిపై గీతలు కనబడినచో నెవరిని పిలువవలెనో వానికి తెలిసియుండవలయును.

వియన్నా పండితుడు ఆగస్ట్ ఐకార్న్ 1925లో ప్రకటించిన గ్రంథమును మేము ఆంగ్లానువాదమున చదివితిమి. ఫ్రాయిడ్ దానికి పీఠిక వ్రాసెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన నాళ్లలో ఐకార్న్ నడపిన గృహమున, ఎవ్వరికిని లొంగని మొండి బాలుర నొక జట్టుగా చేర్చి, వారేమి విఱుగగొట్టినను శిక్షింపవలదని పోషకుల కాజ్ఞాపించెను. బల్లలు విఱిగినవి, అద్దములు పగిలినవి. ఎదురుదెబ్బకై కాచియున్న బాలురకు దెబ్బ తగులలేదు. కొన్నాళ్లకు వారి కోపము ఏడ్పుగా మాఱినది, ఆ పైని వారు మనుష్యులతో గలసిరి. ఈ ప్రకరణము మనోహరమైనదే కాని, అందఱు వ్యాఖ్యాతలును బాలుర మార్పునే పొగడుదురు. ఆ విఱుగుచున్న బల్లల నడుమ చేయి యెత్తక నిలిచిన పోషకులను గూర్చి యొక్క వాక్యమైన వ్రాయరు. వారిని తీర్చిదిద్దుటయే ఐకార్న్ చేసిన గొప్ప పనియని మా యభిప్రాయము. మన గృహములలో బల్లలు విఱుగనిమ్మని మేమనము; లెక్కల తనిఖీవారు వియన్నా పండితుని మాట వినరు.

ప్రసంగవశమున నొక మాట. మన తిరుపతి గంగజాతరలో బండవేషము, తోటివేషము వేసినవారు వీథిలో నోటికి వచ్చిన బూతులు తిట్టుట ఆచారము. పెద్దమనుష్యులును చిఱునవ్వుతో విందురు. లోపల పేరుకొన్నది బయటికి పోవుటకు సంఘము ఏడాదికొకమాఱు తలుపు తీయును. అదే మాట గృహములోని బాలుడు కోపమున నన్నచో నది వాని నడవడి పుస్తకమున కెక్కును.

తిరుపతి యీ పనికి తగిన చోటు. రైలెక్కి, బస్సెక్కి యిల్లు విడిచి వచ్చు బిడ్డలకు కొండ క్రింది యూరు నిత్యాశ్రయము; వారిలో కొందఱే తరువాత పోలీసుల చేత జిక్కుదురు. 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున మనోవిజ్ఞానశాఖ యున్నది. 1960లో పుట్టిన వైద్యకళాశాలయు, రుయా ఆసుపత్రియు నున్నవి. ఒక పూట ప్రయాణమున బెంగుళూరున నిమ్‌హాన్స్ ఉన్నది. కేంద్ర స్త్రీశిశుశాఖ తోడ్పాటుతో 2020లో అచ్చట "సంవాద్" అను కార్యము ప్రారంభమై, ఆపదలోనున్న బిడ్డలతో పనిచేయువారికి శిక్షణ నిచ్చుచున్నది. బయటి కళాశాలల మనోవిజ్ఞానశాఖలతో, ఆసుపత్రులతో గృహములు చేయి కలుపవచ్చునని కేంద్రపు మాదిరి నిబంధనలే చెప్పుచున్నవి. తగిన మదింపు, రోగనిర్ణయము లేక బిడ్డకు మనోరోగపు మందు వేయరాదని గూడ వానిలో నున్నది; నిద్రమాత్రతో గృహమునకు నెమ్మది తెచ్చుట యెంత సులభమో యెఱిగినవారెవరో యీ వాక్యము వ్రాసిరి. బోర్డులలోను కమిటీలలోను ఖాళీలు నింపుమని 2018 ఫిబ్రవరిలో సంపూర్ణా బెహురా వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. ఖాళీ నింపుటతో పాటు, ఒకనిని మూడేండ్లైన నొకచోట నిలుపుట మఱింత యవసరము. ఆఱు నెలలకొక క్రొత్త ముఖము వచ్చి "నీ కథ చెప్పు" అనినచో, బాలుడు కథ చెప్పుట మాని కథ లల్లుట నేర్చుకొనును.

ఇంతవఱకు పరులను విమర్శించితిమి. మా వృత్తిని గూడ విడువరాదు. బడి వదలిన బాలునికిచ్చు పత్రమున "నడవడి" యని యొక గడి యుండును. అందు "బాగు" అని వ్రాయుట మామూలు. ఇరువదేండ్ల మా యుద్యోగమున నొక బాలుని విషయమున మేమా గడి ఖాళీగా విడిచితిమి. చెడ్డయని వ్రాయలేదు గదా యని నాడు తృప్తిపడితిమి. ఆ ఖాళీ చూచి తరువాతి బడివారు వానిని చేర్చుకొనలేదని వాని తల్లి వచ్చి చెప్పినది. "మీరు రెండక్షరాలు రాసుంటే పోయేదానికి, సామీ" అనినది. మేము బదులు చెప్పలేకపోతిమి.

చట్టము ప్రకారము గృహమునుండి విడుదలైన బాలునికి, పెద్దవానివలె విచారింపబడిన వాని విషయమున తప్ప, ఆ నిర్ణయము వలన నేయనర్హతయు కలుగరాదు. వాని పేరు, ఊరు, బడి ప్రకటించుట నేరము. జూన్‌లో బళ్లు తెఱచినపుడు వాడు తల్లితో వచ్చి కార్యాలయపు బల్లయెదుట నిలుచును. గుమాస్తా పత్రము చూచి, "ఈ ఎనిమిది నెలలు ఏడున్నావు రా?" అని యడుగును. తల్లి బాలుని వంక చూచును. మా వంటివారు ప్రక్కగదిలోనే యుందుము. ఆ మాట మాకు వినబడును.